దిద్దని బిట్టు

అశోక్‌నగర్ హాస్టల్‌లో మా గదిలో ఉండే అన్న రోజూ పొద్దున్నే పేపర్ పైకి చదివేవాడు. ఏ వార్త వచ్చినా "ఇది బిట్టు వస్తది, రాసుకోండ్రి" అనేవాడు. గ్రూప్స్‌కు చదివే మాకు అదే సుప్రభాతం.

ఈశాన్య కొండల్లో ఓ చిన్న విమానం దిగబోతూ లోయలో పడింది. అక్కడ సెల్ టవర్ల పనికి వెళ్లిన తన తమ్ముడు అందులోనే ఉన్నాడని అన్నకు ఫోన్ వచ్చింది. మర్నాడు అన్న పేపర్ తెరవలేదు. మంచు విడిచేదాకా ఎవరూ లోయలోకి దిగలేరన్నారు. అయినా పేపర్లు మృతుల లెక్క వేసేశాయి.

గదిలో ఒక్కణ్నే వదల్లేక ఆదివారం కోచింగ్ సెంటర్ పరీక్షకు మేమే తీసుకెళ్లాం. ప్రశ్నపత్రంలో ఆ ప్రమాదమే బిట్టు. మృతులెందరు? ఆ ప్రశ్నకు అన్న జవాబు పత్రంలో ఏ వృత్తమూ దిద్దలేదు.

బయటికొచ్చాక నా భుజం పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"తమ్ముడు ఇంకా దొరకలే గదరా. వాణ్ని కలిపి దిద్దాల్నా, కలపకుండ దిద్దాల్నా?"