పేరుపడ్డ మనిషి

మా ఇంగ్లీషు సారు పోయారు. పోయిన నెల కోదాడ నుంచి వడ్ల బండి తోలుకొచ్చిన మనిషి, మిర్యాలగూడ మిల్లు ముందు ఎడ్లను విప్పుతూ ఆ మాట చెప్పాడు. "మీ సూర్యాపేట పంతులు ఖతమయిండంట గద, రొమ్ముల నెమ్ము పట్టి," అని, మళ్లీ ఎడ్లకు నీళ్లెక్కడున్నయని అడిగాడు. నేను తొట్టి చూపించాను.

పన్నెండో రోజు తర్వాత సూర్యాపేట బడిలో సభ పెట్టారు. సారు దగ్గర చదువుకుని ఇప్పుడిది చదివే మీలో చాలామంది వచ్చారు. మహానుభావుడన్నారు, తీరని లోటన్నారు. ఆయన మిలిటరీ క్యాంపులో ఖైదుగా ఉన్నన్నాళ్లూ మీలో ఒక్కరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయన కోసం కదిలింది నేనొక్కడినే. నేనూ మీలాగే ఇంట్లో కూర్చుని ఉంటే సారు ఇంకొన్నాళ్లు బతికేవారు. అందుకే రాస్తున్నాను.

సారుది కోదాడ. బెజవాడలో చదువుకున్నారు. అంతా ఉర్దూలో నడిచే మా బడికి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. మామూలు మాటలు ఎవరైనా నేర్పుతారని, రోజుకు పది కష్టమైన మాటలు బోర్డు మీద రాసేవారు. సుద్దముక్కలకు కరువు కాబట్టి అర్థాలు మాత్రం నోటితోనే చెప్పేవారు. ఆబ్స్టినేట్ అంటే మొండి. మన హెడ్మాస్టరు గారి కచ్చడం బండి ఎద్దును తలుచుకోండి అనేవారు. మేం నోటుబుక్కుల్లో గబగబా రాసుకుంటే, వారానికోసారి నీలం పెన్సిలుతో దిద్ది, పేజీ కింద పదికి ఎన్నో వేసేవారు. నాకు ఎప్పుడూ పదికి పదే. అందరికంటే ముందు రాసి పెన్ను కింద పెట్టేవాణ్ని. దానికి నాకు తగని గర్వం.

ఒకసారి మా తోటివాడొకడు తన తండ్రి సత్యవంతుడని రాయబోయి, వెరేషియస్ బదులు వొరేషియస్ అని రాశాడు. అంటే తిండిపోతు. సారు నవ్వలేదు. మీ నాయనను ఒకపూట మా ఇంటికి భోజనానికి తీసుకురారా, మాట నిజం చేద్దాం అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ రోజే ఆయన చెప్పారు: "అర్థం తెలిస్తే సరిపోదు అబ్బాయ్. ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటదో చూసుకోవాలి."

తర్వాత రజాకార్ల గడబిడలొచ్చి బడి మూతపడింది. నా నోటుబుక్కులో చివరి పేజీ దిద్దకుండానే ఉండిపోయింది. నేను మిర్యాలగూడలో మిల్లు గుమాస్తానయ్యాను.

యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు, సారు కమ్యూనిస్టు సంగం వాళ్లకు అన్నం పెట్టారని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పెట్టారో లేదో నాకు తెలియదు. ఆకలని వస్తే ఎవరికైనా పెట్టే ఇల్లది. ఆయనను పట్టుకొచ్చి మిర్యాలగూడ క్యాంపులో ఉంచారు. అక్కడి మిలిటరీ దొరకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. సారు భార్య, మేమంతా అమ్మా అనే ఆవిడ, మిల్లు దగ్గరికి వచ్చింది. "నీకు ఇంగిలీసు మస్తు వస్తదని సారు అంటుండె. ఒక్క కాగితం రాసియ్యి బిడ్డా," అంది.

రాశాను. నేర్చిన గొప్ప మాటలన్నీ నోటుబుక్కు తిరగేసి మరీ కూర్చాను. మా సారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలోనూ నటోరియస్ మనిషి అని రాశాను. నోటుబుక్కు చివరి పేజీలో ఆ మాటకు ఎదురుగా పేరుపడ్డ అని ఉంది.

దొర చదివాడు. నువ్వు ఆయన శిష్యుడివేనా అని అడిగాడు. ఔనని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆ వాక్యం పక్కవాడికి పైకి చదివి వినిపించి నవ్వాడు, దాని కింద ఎర్రగీత గీశాడు. నా ఇంగ్లీషుకు మురిసిపోయాడనుకున్నాను. బయటికొచ్చాక అక్కడి రైటరు నా భుజం పట్టుకుని ఆపాడు. "ఏం చేస్తివయ్యా? నటోరియస్ అంటే మష్‌హూర్ గాదు, బద్నామ్. శిష్యుడే గిట్ల రాసినంక దొర ఇడుస్తడా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సారు చెప్పింది చెడుగా పేరుపడ్డ అని. ముందు ముగించాలన్న తొందరలో సగమే రాసుకున్నాను. రెండో కాగితం రాసుకుని పోతే దొర తీసుకోలేదు. కాగితం ఇచ్చినవా అని అమ్మ అడిగితే ఇచ్చిన, చూస్తనన్నడు అన్నాను. ఇంకేం చెప్పలేదు. వానాకాలమంతా సారు క్యాంపులో తడి బండల మీదే పడుకున్నారు. దసరా దాటాక వదిలారు. అప్పటికే దగ్గు పట్టుకుంది.

సొంతూరు కోదాడ చేరాక ఆయన కబురంపారు, నోటుబుక్కు తీసుకురమ్మని. పోయాను. సారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆ కాగితం ఆయనకు చూపించే ఉంటారు, నా దస్తూరీ ఆయనకు తెలియనిది కాదు. తిట్టినా బాగుండేది. "ఆ చివరి పేజీ దిద్దలేదు కదా, ఇచ్చిపో. వచ్చే వారం వచ్చి తీసుకుందువు," అన్నారు. మంచం మీద పెట్టి వచ్చేశాను.

మళ్లీ పోలేదు. మిల్లులో పని ఎక్కువుందని అందరికీ చెప్పాను. పని లేదు. ఆయన ముఖం చూడలేని పిరికితనం.

సభ రోజు బడి వరండాలో అమ్మ నా నోటుబుక్కు చేతిలో పెట్టింది. "ప్రతి ఆదివారం నువ్వొస్తవని సూసిండు బిడ్డా," అంది. లోపల ఎవరో తీరని లోటు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను చివరి పేజీ తిప్పాను. నటోరియస్‌కు ఎదురుగా, నా పేరుపడ్డకు ముందు, చోటు చాలకపోయినా ఇరికించి, వణికిన నీలం పెన్సిలుతో 'చెడుగా' అని ఉంది. పేజీ కింద, ఎప్పుడూ వేసే చోటనే, పదికి తొమ్మిది.