బెసీమె సవతి

మా పక్కింటి బెసీమెకు ఒక సవతి ఉందంటే మా వీధిలో ఎవరూ ఉలిక్కిపడరు. ఆ సవతి ఒక తెల్లపిల్లి. పేరు ఇంజి. దానికి ఒక కన్ను నీలం, ఇంకోటి తేనెరంగు. ఇలాంటి పిల్లికి నీలికన్ను వైపు చెవి వినపడదని మా వాన్ ఊళ్లో అందరూ అంటారు. అందుకే బెసీమె మొగుడు హైరెత్తిన్ ఎప్పుడు పిలిచినా తేనెకన్ను వైపుకు వెళ్లి, గారంగా పిలుస్తాడు.

బెసీమెకూ ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయినా హైరెత్తిన్‌కు ఆమె చెవి సంగతి తలకెక్కలేదు. ఎడమ వైపు నుంచే మాట్లాడతాడు, ఆమె పలక్కపోతే పొగరంటాడు. ఒళ్లు మండదూ? నాకే మండేది.

"చూశావా అక్కా, దాని చెవి గుర్తుంటుంది, నా చెవి గుర్తుండదు. నేనూ తోకతో పుట్టాల్సింది" అనేది బెసీమె. అలా అంటూ, పిల్లికి కార్జం ముక్కలు కోసి పెడుతున్న మొగుణ్ణి కొరకొరా చూసేది. అసూయతో రాత్రి అన్నం సయించేది కాదని ఒకసారి తనే ఒప్పుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భూమి కంపించింది. గోడలు ఊగాయి, గిన్నెలు దొర్లాయి, అందరం వీధిలో పడ్డాం. హైరెత్తిన్ కూడా వచ్చాడు. కోటులో పిల్లి ఉంది, పక్కన పెళ్లాం లేదు. కాసేపటికి ఒంటినిండా సున్నంతో, చేతిలో గరిటెతో, బెసీమె తనంతట తనే బయటికొచ్చింది.

"దాన్ని తెచ్చుకున్నావుగా, చాల్లే" అంది.

"నిన్నూ పిలిచానే! గొంతు చించుకున్నాను!"

"ఏ వైపు నుంచి?"

అతను కోటులో పిల్లిని సర్దుకున్నాడు.

"దాంతోనే కాపురం చేసుకో. చలికి నా దుప్పట్లు నేనే తెచ్చుకుంటా" అని, మేం వద్దు వద్దంటున్నా విసురుగా లోపలికి వెళ్లింది.

వెళ్లిందో లేదో నేల మళ్లీ ఊగింది. హైరెత్తిన్ పిల్లిని కింద పడేసి లోపలికి ఉరికాడు. లోపల జరిగింది తర్వాత బెసీమే చెప్పింది. ఆమె అల్మరా ముందు నిలబడి దుప్పట్లు లాగుతోంది. గుమ్మం ఆమెకు ఎడమ పక్కన ఉంది. అతను గుమ్మంలోంచి అరవలేదు. ఊగుతున్న గదిలో తూలుతూ ఆమె కుడి వైపుకు వచ్చి, చెవిలో అరిచాడు.

"బెసీమే, రా!"

ఇద్దరూ వాకిట్లోకి వచ్చేసరికి వెనక పొగగొట్టం కూలింది.

"ఈ చెవి బాగానే ఉందయ్యా, అంత అరవాలా!" అని కసిరింది బెసీమె. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

పిల్లి అలిగి వాకిట్లో చెట్టెక్కింది. హైరెత్తిన్ ఎంత బతిమాలినా దిగలేదు. అప్పుడు బెసీమె చెట్టు చుట్టూ తిరిగి, తేనెకన్ను వైపు చూసుకుని నిలబడింది.

"దిగవే సవతీ" అంది. "మన ఆయన పిలుస్తున్నాడు."