మామగారు బిగించిన నీళ్ల పంపు

మా అత్తవారింట్లో ఆడవాళ్లు బస్సెక్కరు. ఈ సంగతి మా మామగారు పెళ్లిచూపుల్లోనే చెప్పారు, అదేదో వంశానికి వచ్చిన బిరుదన్నట్టు. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరి దగ్గర, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఇల్లు. మాగాణి ఉంది, ఆయిలింజను ఉంది, మద్రాసులో ఎవరో డాక్టరు వాడి వదిలించుకున్న ఇంగ్లీషు కారు ఉంది. ఆ కారు కదిలితేనే ఆడవాళ్లం కదిలేవాళ్లం. అది షెడ్డులో మూలుగుతుంటే మేమూ ఇంట్లో పడి ఉండేవాళ్లం.

అరవైల మొదట్లో నాకు నెల్లూరు నుంచి టీచరు ట్రెయినింగు సీటుకు ఇంటర్వ్యూ వచ్చింది. ఎస్సెల్సీ పాసై, వడియాలకు కాకులు రాకుండా కాపలా కాస్తున్నదాన్ని. ఆ సీటు తప్ప నాకింకేమీ అక్కర్లేదనిపించేది. రోజూ దేవుడి ముందు అదొక్కటే అడిగేదాన్ని. మామగారు ఒప్పుకున్నారు. నా చదువు మీద ప్రేమ పొంగి కాదు, ఎదురింటివాళ్ల కోడలు అప్పటికే ట్రెయినింగులో ఉంది గనక. కార్లో తీసుకుపోతామని మాటిచ్చారు.

ఆ వారంలోనే కారుకు నీళ్ల పంపు పోయింది. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిప్పే పంపు అది. కొత్తది మద్రాసు నుంచి రైల్లో తెప్పించారు. బిగించడానికి గూడూరు నుంచి మెకానిక్కును పిలుద్దామని మా ఆయన అనేసరికి మామగారికి పౌరుషం వచ్చింది.

"మన కారు బానెట్టెత్తి ఎవడో చెయ్యి పెట్టేదేందిరా? నీళ్లు తోడే పంపే గదా. పొలంలో ఆయిలింజను పంపు నేను బిగించట్లా?"

మర్నాడు వాకిట్లో కారుకు కర్పూరం వెలిగించి, పంచె ఎగ్గట్టి పనిలోకి దిగారు. ఊళ్లో పనీపాటా లేని పెద్దమనుషులంతా కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. కాఫీలు మోసింది నేను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో బాది, రేడియేటరు పీకి, పంపును తిప్పే బెల్టు తప్పించి, చివరికి పాత పంపును ఊడదీశారు. దాన్ని పైకెత్తి అందరికీ చూపించారు, పులిని కొట్టినవాడిలా.

కొత్త పంపుతోపాటు డబ్బాలో పల్చటి కాగితం వాషరు వచ్చింది. పంపుకూ ఇంజనుకూ మధ్య పెట్టవలసింది. మామగారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నవ్వారు.

"కాయితానికి నీళ్లు ఆగతాయంట. మద్రాసోళ్ల తెలివి."

పెద్దమనుషులూ నవ్వారు. మామగారు పొలంలో పంపుకు చేసినట్టే జనపనార పేని, గ్రీజు పూసి, వాషరు ఉండవలసిన చోట చుట్టూ దట్టించారు.

"ఆ కాయితమే పెట్టాలేమో నాయనా," అన్నారు మా ఆయన. బీయే చదివిన ఆ నోటి నుంచి వారం మొత్తం మీద ఊడిపడ్డ ధైర్యం అదొక్కటే.

మామగారు కింద పడేసిన వాషరును నేను ఏరి, "ఊరికే పెట్టి పంపరు గదా మామయ్యా," అన్నాను.

"పొయ్యి రాజేసుకో పోమ్మా."

నార మందానికి పంపు సరిగ్గా ఆనక ఒక పక్కకు ఒరిగింది. అది కనపడటానికి బీయే అక్కర్లేదు. ఆయన మాత్రం బోల్టులు బిగించి బిగించి, ఇంజను స్టార్టు చేయించారు. చుక్క కారలేదు. పెద్దమనుషులు ఆయన్ని ఆకాశానికెత్తి, ఇంకోసారి కాఫీ తాగి వెళ్లారు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే బయల్దేరాం. మా ఆయన నడుపుతున్నారు, పక్కన మామగారు, వెనక సీట్లో సర్టిఫికెట్ల సంచితో నేను. మనుబోలు దాటాక, ఒరిగిన పంపు మీద వంకరగా తిరిగీ తిరిగీ బెల్టు తెగింది. నార సందుల్లోంచి వేడినీళ్లు చిమ్మాయి. బానెట్టంతా ఆవిరి. కారు రోడ్డు పక్కన ఆగిపోయింది.

ఇంటర్వ్యూకు ఇంకా టైముంది. వెనకనుంచి నెల్లూరు బస్సు వచ్చింది. మామగారు రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తి ఆపారు. నా ప్రాణం లేచి వచ్చింది. సంచి పట్టుకుని కారు దిగాను.

"నువ్వు యాడికమ్మా? నేను పోయి బెల్టు తెస్తా."

"టైముకు నేనక్కడ ఉండాల మామయ్యా. మీతోనే వస్తాను."

"ఆడోళ్ల సీటు ఖాళీగానే ఉండాది సామీ, ఎక్కమనండి," అన్నాడు కండక్టరు.

"మనింటి ఆడోళ్లు బస్సెక్కరు గదమ్మా," అన్నారు మామగారు. కోపంగా కాదు, చంటిపిల్లకు నచ్చజెప్పినట్టు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టైరు వైపు చూస్తున్నారు. బస్సు మామగారిని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో కారులో చల్లదనమనే వైభోగం ఇంజనుకే గాని మనుషులకు లేదు. మా కారులో ఇంజనుకూ దక్కలేదు. అద్దాలు దింపితే దుమ్ము, ఎత్తితే ఉడుకు. ఇంటర్వ్యూ వేళ దాటిపోవడం మా ఆయన చేతి గడియారంలోనే చూశాను. ఏడ్చాను. ఆయన మంచినీళ్లు కావాలా అని అడిగారు.

పొద్దు వాలాక మామగారు ఇంకో బస్సులో బెల్టు తెచ్చారు. మొహంలో అలసట లేదు. కిటికీ పక్క సీటు దొరికిందట, గాలి బాగా తగిలిందట. బెల్టు కొడుకు చేతికిచ్చి నా దగ్గరికొచ్చారు.

"బస్సు సరిగ్గా మీ ట్రెయినింగు స్కూలు గేటు ముందే ఆపినాడమ్మా. ఎంతమంది ఆడపిల్లలో లోపల. అందరూ బస్సుల్లో వచ్చినోళ్లే, పాపం."