రెండు చోట్ల ఉన్న బోటు

1981 వేసవిలో నన్ను పరకాల దగ్గరి సెక్షన్ నుంచి ములుగు అవతల, అడవి అంచున ఉన్న ఒక పెద్ద చెరువు సెక్షన్‌కు బదిలీ చేశారు. అప్పుడు నేను నీటిపారుదల పనుల్లో సూపర్‌వైజర్‌ని. మా వరుస తెలియని వారి కోసం చెప్తున్నాను: సెక్షన్‌కు సూపర్‌వైజరు, సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఇంజనీరు, ఆ పైన డివిజన్ మొత్తానికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన్ని అందరం ఈఈ గారనేవాళ్లం. చెరువు నిండితే పొగడ్తలు ఆయన దగ్గర ఆగేవి, కట్టకు గండి పడితే తిట్లు మా దాకా దిగేవి.

చార్జి తీసుకున్న రోజు నాకు అప్పగించిన వాటిలో ఒక కర్ర బోటు కూడా ఉంది. నిజాం కాలం నాటి టేకు బోటు. పది మంది సులువుగా కూర్చోవచ్చు, అయితే అందులో నలుగురు నీళ్లు తోడుతూనే ఉండాలి. అడుగు పలకలు పుచ్చిపోయాయి, మేకులు తుప్పుపట్టి ఊడుతున్నాయి. చెరువు అవతలి ఒడ్డున ఒక తూము ఉంది. వానాకాలం వాగులు పొంగితే అక్కడికి కాలిబాట కూడా ఉండదు. బోటులో పోయి తూము తలుపు ఎత్తాలి, దించాలి. అందుకోసం ఆ బోటు, ఆ బోటు కోసం ఒక బోటుమన్.

బోటుమన్ పేరు సమ్మయ్య. నలభై దాటిన మనిషి. అతనిది వర్క్‌చార్జ్‌డ్ కొలువు, అంటే పని ఉన్నన్నాళ్లే జీతం. అతని విషయంలో పని అంటే బోటు. అది పనికిరాదని పైవాళ్లు తేల్చేస్తే, దాన్ని మేం కండెమ్ చేయడం అంటాం, దానితోపాటే సమ్మయ్య కొలువూ పోతుంది. పర్మనెంట్ చేసేవాళ్ల వరుసలో అతని వంతు దగ్గరికొచ్చిన సమయం అది. మా డిప్యూటీ ఇంజనీరు గారు మంచివారే కానీ, ముట్టుకోని పనిలో తప్పు దొర్లదని నమ్మినవారు. కండెమ్ రాసెయ్యవయ్యా, గొడవ వదులుతుంది అన్నారు. సమ్మయ్య మాత్రం మొదటి రోజే నా దగ్గరికొచ్చాడు. "సారూ, దానికి ఏ వైద్యమన్న జెయ్యుండ్రి గని సావు రాయకుండ్రి. ఇద్దరు పిల్లల సదువు దాని మీదనే నడుస్తాంది" అన్నాడు. బతిమాలినట్టు కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను కండెమ్ రాయలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గోదావరి గట్టున పనిచేశాను. అక్కడ పడవలు బాగుచేసే చోట గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ని. కాబట్టి తారు పూసి మమ అనిపించడం నాకు నచ్చలేదు. చేస్తే పద్ధతిగా చేయాలి. ఒక్కో పాత పలకను పగలకుండా ఊడదీసి, దాన్నే కొలతగా పెట్టుకుని కొత్త టేకు పలక కోయాలి. తడి గోనెసంచులు కప్పి, నిప్పు సెగ చూపి దాన్ని వంచాలి. ఇనుప మేకులు కాదు, రాగి మేకులు కొట్టాలి. పలకకూ పలకకూ మధ్య సన్నని సందు వదిలి, అందులో పేనిన నూలు దట్టించి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పూయాలి. అంచనా వేద్దామని కూర్చుంటే మా రేట్ల పుస్తకంలో తలుపులు, కిటికీలు, దూలాలు ఉన్నాయి కానీ బోటు లేదు. ఉన్నవాటిలో దగ్గరి చుట్టమని తలుపుల రేటు వేశాను. డిప్యూటీ గారు అంతా శ్రద్ధగా చదివి, సంతకం పెడుతూ, మడతబందులు ఎన్ని పడతాయని అడిగారు.

పనికి పరకాల నుంచి వడ్ల రాజమౌళి అనే వడ్రంగిని పిలిపించాను. ఆ చుట్టుపక్కల అతను చేసిన బండి చక్రానికి పేరుంది, అతని నోటికి అంతకన్నా పేరుంది. పలక వంచే పద్ధతి చూసి బాగానే మెచ్చుకున్నాడు. సందు దగ్గరికి వచ్చేసరికి ఉలి కింద పెట్టేశాడు.

"ఇన్నేండ్ల సంది పని జేస్తాన సారూ. నా అతుకుల ఎంటిక దూరదు. గిప్పుడు సందు ఇడువుమంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

సమ్మయ్య పక్కనే కూర్చుని నూలు పేనుతున్నాడు. "బావా, నీ ఇజ్జత్ ఒడ్డు మీద మంచిగనే ఉంటది. నీళ్లల్ల మునిగేది నేను" అన్నాడు.

ఎండు పలకలను బిగించి కొడితే తడికి ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని, మేకులు పెరుక్కుని బయటికొస్తాయని నేను విడమరచి చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నంత మాత్రాన ఊరుకోలేదు. కట్ట మీద పోయే ప్రతివాణ్నీ ఆపి, పలకలు నావి, సందులు సారువి అని చెప్పి పంపేవాడు.

ఇక స్టోరు సంగతి. ఏ పనిలోనైనా ఊడదీసిన పాత సామాను మేకుతో సహా డివిజన్ స్టోరుకు పంపాలన్నది మా రూలు. స్టోరు హనుమకొండలో. అక్కడి స్టోర్ కీపర్ సుదర్శనం గారు ఎవరి దగ్గరా టీ కూడా తాగని మనిషి. లంచం తీసుకునేవాడితో తంటా ఒక్కసారే, ఈయనతో రోజూ తంటానే అని కాంట్రాక్టర్లు తలలు పట్టుకునేవారు. నేను పాత పలకలను ఎప్పటికప్పుడు లారీలో వేసి పంపుతూ పోయాను. ఒక పలక తీస్తే పక్కదీ పుచ్చిందేనని తేలేది. అలా తీయగా తీయగా, అడుగున ఉన్న పొడుగు దూలం ఒక్కటి తప్ప బోటంతా కొత్తదైంది.

అక్కడ సుదర్శనం గారికి ఒక అనుమానం వచ్చింది, ముక్కలన్నీ చేరాయా లేదా అని. రాజమౌళి వరుస తప్పకుండా ఉండటానికి ప్రతి పలక మీదా ఉలితో గుర్తులు చెక్కాడు. సుదర్శనం గారు ఇద్దరు కూలీలను పెట్టి, ఆ గుర్తుల ప్రకారం పలకలను స్టోరు ఆవరణలో పేర్పించి, కొబ్బరి తాళ్లతో కట్టించి, దూలం లేని చోట ఇటుకలు పెట్టించారు. ముక్కలుగా పోయిన బోటు మళ్లీ బోటై కూర్చుంది. నేను తరువాత చూశాను. నిజం చెప్పాలంటే దూరం నుంచి దర్జాగానే ఉంది.

ఆ వారంలోనే ఈఈ గారు స్టోరు చూడటానికి వచ్చారు. కొత్తగా వచ్చిన మనిషి, తక్కువ మాటల మనిషి. ఇదేమిటని అడిగారు. బోటు సార్ అన్నారు సుదర్శనం గారు. దీనికి మనిషి ఎవరని అడిగారు. సమ్మయ్య అని ఒక బోటుమన్ సార్, చెరువు దగ్గర ఉన్నాడు అని జవాబు. బోటు ఇక్కడుంటే అతను అక్కడ చేస్తున్నదేమిటి అని మూడో ప్రశ్న. బోటుమన్ వెంటనే హనుమకొండ స్టోరులో హాజరు కావాలని మర్నాడే ఆర్డరు వచ్చింది.

సమ్మయ్య అన్నం గిన్నె, దుప్పటి పట్టుకుని హనుమకొండ బస్సెక్కాడు. కొన్నాళ్లకు నేను వెళ్లి చూస్తే, చుట్టుపక్కల చుక్క నీరు లేని ఆ ఆవరణలో బోటు నీడన కూర్చుని ఉన్నాడు.

"ఏం జేస్తానవు సమ్మయ్యా?"

"ఏం జేస్తా సారూ. పొద్దుగాల దుమ్ము దులుపుతాన, పొద్దుమూకి తాళ్లు బిగిస్తాన. ఆటోలోల్లు వచ్చి, నీ బోటు కాజీపేట పోతదా అని అడుగుతాండ్రు." నవ్వుతూనే చెప్పాడు. ఆ తరువాత గొంతు తగ్గించి అసలు ఫికర్ బయటపెట్టాడు. స్టోరులోని పాత సామానును వానలకు ముందే వేలం వేస్తారట, అందులో ఈ బోటు కూడా ఉందట. "ఇది అమ్ముడువోతే నన్ను ఏ బోటుకని ఉంచుతరు సారూ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా సుదర్శనం గారి బల్ల ముందుకు పోయి, బోటు చెరువు దగ్గరే ఉంది, మీ దగ్గరున్నది పుచ్చు కట్టెలు అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని నిదానంగా చెప్పారు. రిపేరంటే వస్తువు ఉండి, చెడింది బయటికి రావాలి. మీరు వస్తువంతా నాకు పంపారు. కాబట్టి వస్తువు నా దగ్గరుంది. మీ దగ్గరున్నది కొత్త బోటు. కొత్త బోటుకు మంజూరు ఎక్కడ? అడుగు దూలం నా దగ్గరే ఉందని గుర్తుచేశాను. అవును, ఒక ముక్క తక్కువ వచ్చింది, అది మీ మీద బాకీ అన్నారు. ఆయన చెప్పేది తప్పని నాకు తెలుసు, ఎక్కడ తప్పో మాత్రం అందలేదు.

అక్కడి నుంచి ఈఈ గారి దగ్గరికి పోయి అంతా విన్నవించాను. ఆయన విని, వచ్చే సోమవారం స్వయంగా వచ్చి చూస్తానని, సుదర్శనం గారినీ వెంట తెస్తానని చెప్పారు. నేను సంతోషంగా తిరిగొచ్చి చివరి పని మొదలుపెట్టించాను. కర్ర బోటుకు చివరి పని ముంచడం. ఒడ్డు పక్కన లోతు తక్కువ ఉన్న చోట, లోపల రాళ్లు వేసి, బోటును కొన్నాళ్లు నీళ్లలో ముంచి ఉంచాలి. పలకలు నీళ్లు తాగి ఉబ్బి, నూలును నొక్కి పట్టి, సందులు వాటంతటవే మూసుకుంటాయి. తాను చెక్కిన బోటులోకి రాళ్లు దించుతుంటే రాజమౌళి చూడలేక కట్ట దిగి వెళ్లిపోయాడు.

ఈఈ గారు సోమవారం రాలేదు. శనివారమే వచ్చారు. జీపు ముందు సీటులో ఆయన, వెనక సుదర్శనం గారు, ఆ వెనక తెడ్డు వేయడానికి సమ్మయ్య.

"బోటు ఏది?" అన్నారు ఈఈ గారు.

నేను నీళ్లకేసి చూపించాను. బోటు మూతి కొస మాత్రం జానెడు పైకి కనిపిస్తోంది, దాని మీద ఒక కొంగ నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపే రాజమౌళి ముందుకొచ్చాడు. "ముంచింది సారే. నేను వద్దంటనే ఉన్న" అన్నాడు. సుదర్శనం గారి ముఖం విప్పారింది. "అది మునిగింది సార్. మన బోటు హనుమకొండల పొడిగ ఉన్నది" అన్నారు.

మునగకుండా ఉండాలంటే ముందు ముంచాలి సార్ అన్నాను నేను. ఎంత నిజమైనా, ఆ మాట అనేటప్పుడు నాకే అది పిచ్చివాడి మాటలా వినిపించింది. ఈఈ గారు నన్ను ఎగాదిగా చూసి, పైకి తీయమన్నారు. సమ్మయ్య అప్పటికే నడుముల్లోతు నీళ్లలో ఉన్నాడు. రాళ్లు తీసేసి, ఒడ్డు మీది కూలీలతో కలిసి కిరోసిన్ డబ్బాలతో నీళ్లు తోడి పోశాడు. బోటు పైకి లేచి తేలింది. ఈఈ గారు చెప్పులు విప్పి ఎక్కారు. సుదర్శనం గారు ఎక్కనన్నారు, ఎక్కించారు. వెనకే నేనూ రాజమౌళీ ఎక్కాం. బొట్టు నీళ్లొచ్చినా సమ్మయ్య కొలువు పోయినట్టే.

సమ్మయ్య తెడ్డు వేస్తూ బోటును చెరువు నడిమికి తెచ్చాడు. రాజమౌళి వంగి అడుగు పలకలన్నీ అరచేత్తో తడిమాడు. తోడగా మిగిలిన తేమ తప్ప కొత్త నీరు లేదు. అతను నా వైపు చూసి, "సందులు మనయే సారూ" అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

అప్పుడు ఈఈ గారు వెనక్కి తిరిగారు. "సుదర్శనం గారూ, మన బోటు ఎక్కడుంది?"

"హనుమకొండ స్టోర్ల సార్."

"మరి మీరు కూర్చున్నది దేంట్లో?"

ఆయన గట్టి మనిషి. రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, కళ్లు మూసుకుని, "మంజూరు లేని సామాన్ల కూసున్న సార్" అన్నారు.

"మంజూరు లేని సామాను వాడటం తప్పు కదా. దిగండి."

సమ్మయ్య తెడ్డు ఆపాడు. అతన్ని ఎవరూ ఆపమనలేదు. సుదర్శనం గారు కళ్లు తెరిచి నీళ్లను చూశారు, ఒడ్డును చూశారు, మళ్లీ నీళ్లను చూశారు. చివరికి, "రిపేరు మంచిగనే జేసిండ్రు సార్" అన్నారు.

రిపేరు అన్న మాట ఆయన నోటనే వచ్చాక ఇక కొత్త బోటన్న వాదం లేదు. ఈఈ గారు ఒడ్డుకు చేరకముందే నాకు రెండు సంగతులు చెప్పారు. స్టోరులో ఉన్నది పాత కలప, వేలం వేయొచ్చు. బోటుమన్ బోటు దగ్గరే ఉండాలి. సమ్మయ్య తెడ్డు ముందుకన్నా జోరుగా వేశాడు. ఆ మరుసటి ఏడాది అతను పర్మనెంట్ అయ్యాడు, ఆ బోటులోనే తూము దాకా తిరుగుతూ రిటైరయ్యాడు.

తరువాత నా సర్వీసులో తూము తలుపులు, బంగ్లా కిటికీలు, వంతెన పలకలు చాలా బాగుచేయించాను. బాగుచేయడం పనిలో సగమే. తీసేసిన పాతదాన్ని మళ్లీ ఎవరూ నిలబెట్టకుండా చూడటం మిగతా సగం. అందుకని ఊడదీసిన ప్రతి పలకనూ నడిమికి రెండు ముక్కలు కోయించాకే స్టోరుకు పంపేవాణ్ని. దాని మీద ఎవరి కొలువైనా ఆధారపడి ఉంటే మూడు ముక్కలు.