పీపా మీద టామీ పేరు

కడప దగ్గర ఒక చిన్న విస్కీ డిస్టిలరీలో పని చేస్తాను. ఓనరు కుటుంబమే దాన్ని నడుపుతుంది. కొత్తగా నింపిన ప్రతి పీపా మీద ఇంట్లో ఒకరి పేరు సుద్దతో రాయడం వాళ్ల ఆనవాయితీ. నాలుగేళ్లుగా ఆ పీపాలన్నీ నింపింది నేనే. ఈ రోజు నింపినదాని మీద రాద్దామంటే ఇంట్లో పేర్లు అయిపోయాయి. ఓనరు సుద్దముక్క పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇంగెవురుండారప్పా దావీదూ, మనింట్లో?"

నిజం చెప్తున్నా, నా పేరే రాస్తాడనుకున్నా. నేను నోరు తెరిచేలోపే వాళ్లమ్మ అందుకుంది.

"టామీ లేదా? అదీ మనింటి బిడ్డే గదరా!"

టామీ వాళ్ల కుక్క. అందరూ నవ్వారు. ఓనరు రాసేశాడు. ఆ పీపాను దొర్లించుకుంటూ పోయి వరుసలో పెట్టింది కూడా నేనే.

ఒళ్లు మండిపోయింది. సాయంత్రం వాళ్లంతా కారెక్కి ఊళ్లోకి వెళ్లిపోయారు. షెడ్డు ముందు ఒక్కణ్ణే కూర్చుని అన్నం తింటుంటే టామీ వచ్చి నా కాళ్ల మీద తల పెట్టి పడుకుంది. దాన్ని తిడదామన్నా నోరు రాలేదు. ఈడ నాకున్నది అదొక్కటే.

మీరు పనిచేసే చోట మీ పేరు ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే చెప్పండి, అదెట్లా ఉంటుందో తెలుసుకోవాలనుంది.