విత్తన కాయల గది

మా పెళ్ళినాటి సంగతులు తలచుకుంటే నవ్వు రావాల్సిందే, కానీ ఈ వయసులో నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అయినా ఈ మధ్య తలచుకోవలసి వచ్చింది. దానికి కారణం జపాన్ దేశం. (ఉరవకొండ బస్సు, బెళుగుప్ప బస్సు తప్ప ఎరగనిదాన్ని, అంత దూరం ఎట్లా పోయానో చెబుతాను.) మొన్న ఎండాకాలంలో మా చిన్నోడికి పెళ్ళి చేశాం. కొత్త కోడలు ఫోనులో ఒక జపాను సీరియల్ చూస్తుంది. అందులో కొత్తగా పెళ్ళయిన ఇద్దరు అగ్గిపెట్టెంత ఇంట్లో కాపురం పెడతారు. రెండు రోజులుండి పోతానని ఆ పెళ్ళికొడుకు పెద్దమ్మ సంచితో దిగుతుంది, ఇక పోదు. వాళ్ళిద్దరూ దగ్గరగా కూర్చుంటే చాలు, తలుపు తోసుకొని వస్తుంది, ఒకసారి ఊరగాయ తెచ్చానని, ఒకసారి దుప్పటి మరిచిపోయానని. వాళ్ళ మాటలు కింద తెలుగులో పడతాయి. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నేను సగం చదివేసరికి ఆ మాట పోయి ఇంకో మాట వస్తుంది. పాపం, కోడలు నా కోసం ప్రతి మాటకూ ఫోను ఆపుతుంది. అరగంట కథ మాకు రెండు గంటలు పడుతుంది.

"ఎవరో మా ముదిగుబ్బ పెద్దత్తను చూసి రాసినట్లుండాదే!" అన్నాను మొదటి రోజే.

ముదిగుబ్బ పెద్దత్త అంటే మా అత్తకు సొంత అక్క, మా ఆయనకు పెద్దమ్మ. మా పెళ్ళికి వచ్చి మా అత్తింట్లోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఉన్నదే ఒక గది. దాని నిండా, పైకప్పు తగిలేలా, విత్తనం వేరుశనగ కాయల మూటలు. "వాన పడి విత్తనం భూమిలో పడితే గది మీదే" అని మా అత్త ముందే చెప్పింది. అంతవరకూ ఆయన అరుగు మీద, నేను ఆడవాళ్ళ మధ్యన. పెద్దత్త ఆ గది వాకిట్లోనే మంచం వేసుకొని కాపలా. పగలంతా మేం మూటలు విప్పి కాయలు వలిచేవాళ్ళం. మా ఆయన ఏదో ఒక సాకుతో వచ్చేవాడు.

"పెద్దమ్మా, కాయలకు పురుగు పట్టిందేమో చూస్తా."

"పొద్దున్నించి మూడు తూర్లు చూసినావు కదప్పా. పురుగు పట్టింది కాయలకు కాదులే, పో!"

ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేను తలెత్తకుండా వలిచేదాన్ని. రోహిణి కార్తె పోయింది, మృగశిర పోయింది, చుక్క రాలలేదు. నేను గడియకోసారి బయటికొచ్చి మబ్బుల కోసం ఆకాశం చూసేదాన్ని. మా అత్త వీధంతా చెప్పుకొని మురిసిపోయింది, "మా కోడలికి సేద్యమంటే ఎంత పానమో చూడండమ్మా! పొద్దుగూకులూ మోడాలకే చూస్తాంటాది." (నిజం చెప్పే ధైర్యం అప్పుడు లేదు. ఇప్పుడు చెబుదామంటే ఆవిడ లేదు.)

ఆరుద్రలో వాన కొట్టింది. మూడు రోజులు గొర్రు తోలి విత్తారు. మూటలన్నీ పోయాయి. నేను ఆ గది ఊడ్చి, అలికి, మూల మూలకూ ముగ్గు పెట్టి, కొత్త చాప పరిచాను. పెద్దత్త వాకిట్లో నిలబడి అంతా కలియజూసింది.

"ముగ్గు బాగుండాది. రేపు అమావాస్య, మర్నాటి నుంచి ఆషాడం. అత్తా కోడలు ఒక గడప దాటగూడదు. సంచి సర్దుకో పాపా, బెళుగుప్పకు పోదువు."

బెళుగుప్ప మా పుట్టిల్లు. అంత దుఃఖం నాకు పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా రాలేదు. దిగబెట్టడానికి మా ఆయన వస్తున్నాడు, బస్సులోనైనా పక్కన కూర్చోవచ్చనుకుంటే, "నేనూ వస్తా, నాకేం పని" అని పెద్దత్త ఎక్కి మా ఇద్దరి మధ్యన కూర్చుంది. సగం దూరం పోయాక ఆవిడ వీపు వెనక నుంచి ఒక చేయి వచ్చింది. గుప్పిట్లో కాయలు. ఎవ్వరూ నోట్లో వేసుకోకూడదని ఆవిడ కాపలా కాసిన విత్తన కాయలు, దాచిపెట్టాడు. నేను అందుకోబోతుంటే పెద్దత్త, డ్రైవరు ముందున్న అద్దంలోకి చూస్తూనే, తల తిప్పకుండా చేయి చాపింది.

"నాకూ నాలుగు పెట్టండి."

నిన్న సాయంత్రం కోడలూ నేనూ సీరియల్ చూస్తున్నాం. మధ్యన పళ్ళెంలో ఉడకబెట్టిన కాయలు. మా చిన్నోడు తలుపు దగ్గరికి వచ్చాడు, అది మూడోసారి.

"అమ్మా, నా ఛార్జర్ ఈడ ఉండాదేమో చూస్తా."

ఛార్జర్ తీగ వాడి జేబులోంచే వేలాడుతోంది. "ఇందాకట్నించి మూడు తూర్లు చూసినావు కదప్పా" అనబోయి ఆగిపోయాను. ఆ గొంతు నాది కాదు. చుట్టూ చూశాను. అదే గది, ఒకప్పటి విత్తన కాయల గది. వాళ్ళ మంచం మీద, వాళ్ళ దిండు ఆనుకొని, కాళ్ళు చాపుకొని ఉన్నాను. వారం నుంచి ప్రతి సాయంత్రమూ ఇదే.

లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, లేవడానికీ కొంచెం సేపు పట్టింది.

"అత్తా, ఇంగ రెండు నిమిషాలే. ఆ పెద్దమ్మ పోతాదో లేదో చూసి పో" అంది కోడలు.

"మీరిద్దరూ చూసి చెప్పండమ్మా" అని బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగాను.

ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. జపానులో ఆవిడ పోయిందో లేదో తెలియదు. ఇక్కడి పెద్దత్త మాత్రం గది వదిలి పోయింది. పోతూ పోతూ పళ్ళెంలోంచి నాలుగు కాయలు తీసుకొని పోయింది.