పూసలకు గాలి అందేవరకు

పలాసలో మూతబడిన జీడిపప్పు కార్ఖానాను అద్దెకు తీసుకుని, జీడిపిక్కలు ఉడికించిన బాయిలర్‌తోనే నేను చేపలకు థర్మాకోల్ పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టాను. ఉద్దానం తీరంలో పడవ నడిపే మా బావ ఒక సాయంత్రం ఆటో తీసుకుని వచ్చాడు. మర్నాటి వేటకు పెట్టెలు అందకపోతే చేపలు ఒడ్డునే పాడవుతాయి.

ఇసుక రేణువుల్లాంటి థర్మాకోల్ పూసలు అప్పుడే ఆవిరికి ఉబ్బి తొట్టె నిండా ఉన్నాయి. వెంటనే అచ్చులో పోయమన్నాడు. చల్లారిన పూస లోపల పీడనం తగ్గుతుందనీ, బయటి గాలి మెల్లగా లోపలికి చేరేవరకు ఆగాలనీ చెప్పాను.

"సదువుకున్నోడి సాకులు, బామ్మర్దీ!" అన్నాడు.

వాదించకుండా ఒక పెట్టె పోసి చేతికిచ్చాను. చూస్తుండగానే గోడలు లోపలికి వంగాయి. మూత పట్టలేదు.

మునుపు అక్కడే పిక్కలు కోసి, ఇప్పుడు నా దగ్గర పనిచేస్తున్న పెద్దావిడ నవ్వింది. "ఉడికిన పిక్కని ఆరనీకుండా కోసేత్తామేటి అల్లుడా? పప్పు ముక్కలైపోదూ!"

"అయితే పూసలకీ నిద్ర కావాలేటి!" అంటూ బావ గోనెసంచి పరుచుకున్నాడు.

వంకరపోయిన పెట్టెను క్రషర్‌లో వేశాను. ఆ పొడిని ప్యాకింగ్ దిమ్మెల్లో కలుపుతాను, నీళ్లు కారతాయని చేపల పెట్టెల్లో ఎన్నడూ కలపను.

తెల్లవారుజామున పోసిన పెట్టెను నీళ్లతో నింపి చూపించాను. చుక్క కారలేదు. బావ పెట్టెలతో తీరానికి వెళ్లాడు. ఇచ్ఛాపురం బజారులో మూతలు తీసేసరికి చేపల మీద ఐసు ఇంకా గట్టిగానే ఉందని ఫోన్ చేశాడు.